మన్రోలప్ప కొలిసిన చేను: మధ్యలో ‘ను’ ఉందా, లేదా?

పెన్న ఒడ్డు:
మా అవ్వ వాడే మాట ఒకటి సగం సగమే గుర్తుండి కొన్నాళ్లుగా బుర్ర తినేస్తోంది. మాది తాడిపత్రి వైపు. గట్టు తగాదా ఎక్కడ లేచినా ఆమె “మన్రోలప్ప కొలిసిన చేనికి మంచె యాల” అనేది. అన్నదా, లేక “మన్రోలప్పను కొలిసిన చేనికి” అన్నదా అన్నదే నా గొడవ. మా చిన్నాయన ‘ను’ ఉందంటాడు, మేనత్త లేనే లేదంటుంది, ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే నోటి నుంచి విన్నవాళ్లు. ఆ ఒక్క అక్షరం ఉంటే కొలవడం దణ్ణం పెట్టడం, లేకపోతే కొలవడం అంటే గొలుసు పట్టి భూమి కొలవడం. మన్రోలప్ప అంటే కంపెనీ కాలంలో మన సీమకి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, రైత్వారీ అంటే రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ఆయన ఏర్పాటు, అంతకు మించి పాఠం దయచేసి ఎవరూ మొదలుపెట్టకండి, ఇక్కడున్న అందరూ అది దాటి వచ్చినవాళ్లే. ఈ మాట విన్నవాళ్లుంటే చెప్పండి. మంచె కాదు, కంచె అయినా కావచ్చు, దానికీ నాకు గ్యారంటీ లేదు.

అరసున్న:
ఇందులో చర్చకేముంది? ‘ను’ లేదు. ద్వితీయా విభక్తి ప్రత్యయం ఊడిపోవడం జడాలకి చెల్లుతుంది, మనుషులకి చెల్లదు. “చెట్టు కొట్టాడు” అంటాం, “రాముడు కొట్టాడు” అంటే రాముడే కొట్టినట్టు. కాబట్టి మీ మేనత్తగారికి గుర్తున్న పాఠంలో మన్రో కర్త. కొలిచినవాడు మన్రో, కొలవబడింది చేను. చిన్నయసూరి కారకాల దగ్గరికి వెళ్లి ఒకసారి చూసుకోండి.

గుత్తి కోట:
గురువుగారూ, చెన్నపట్నంలో గుర్రం మీద కూచున్న మన్రో జడమే కదా. అప్పుడు చెల్లుతుందా?

అరసున్న:
ఆ విగ్రహం పెట్టింది 1839లో. సామెత దానికంటే పాతదైతే చెల్లదు. కొత్తదైతే ఆలోచిద్దాం.

కడప కారం:
వ్యాకరణం పక్కన పెట్టండి, వాదన తలకిందులుగా ఉంది. ‘ను’ లేదనేది ఆ మేనత్తగారి జ్ఞాపకం. ఆ జ్ఞాపకం సరైనదని మీకెట్ల తెలుసు? మా వైపు మాటల్లో “అప్పను” అనేది వేగంగా అంటే “అప్పన్” అని వినపడి ఆ చివరి హల్లు కూడా గాలికి పోతుంది. “మన్రోలప్పన్ గొలిసిన”. చూడండి, ద్రుతం మీద కకారం గకారమైంది. సరళాదేశం! మీ అవ్వ ‘కొలిసిన’ అన్నదా ‘గొలిసిన’ అన్నదా, అది గుర్తు చేసుకోండి ముందు. గ అయితే ‘ను’ ఉన్నట్టే, కథ ముగిసింది.

పెన్న ఒడ్డు:
అదే చెప్పలేకపోతున్నా అన్నా. ఆమెకి పళ్లుండేవి కావు.

అరసున్న:
కడప కారం గారి సరళాదేశం ముచ్చటగా ఉంది కానీ వాడుక భాషలో ద్రుతం లేకుండానే కకారం గకారం అవుతుంది, గసడదవాదేశం అంటారు దాన్ని, ప్రథమ మీద. అంటే “మన్రోలప్ప గొలిసిన” అన్నా మన్రో కర్తే. మీ సాక్ష్యం రెండు వైపులా పనిచేస్తుంది, అంటే పనిచెయ్యదు.

ఫ్రీమాంట్ పిన్ని:
మీరిద్దరూ ‘ను’ దగ్గర కొట్టుకుంటున్నారు, నాకు ఆ ‘ల’ అర్థం కాలేదు. మన్రో, అప్ప, సరే. మధ్యలో ‘ల’ ఎక్కడిది? మన్రోయప్ప కావాలి కదా.

అరసున్న:
గౌరవ బహువచనం. మన్రోలు. దొరలు, స్వాములు, అయ్యలు అన్నట్టే. మన్రోలు మీద అప్ప వస్తే ఉకారం పోయి మన్రోలప్ప. ఉత్వసంధి, నిత్యం.

గుత్తి కోట:
నేను ఒప్పుకోను. అనంతపురం జిల్లాలో ఎల్లప్పలు, మల్లప్పలు, పుల్లప్పలు వీధికి నలుగురున్నారు. పేరు చివర ‘ల్లప్ప’ అనేది చెవికి అలవాటైన తోక. మన్రో అనే పరాయి శబ్దానికి ఆ తోక తగిలించారు, ద్విత్వం ఊడిపోయింది. పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లీషువాళ్లు రాసిన జీవితచరిత్రలో కూడా ఉంది, దత్తమండలాల్లో, అంటే మన సీమలో, పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవాళ్లని. మనిషికి పెట్టే పేరు అంటే అది ఎల్లప్ప వరసలోదే అవుతుంది. గౌరవ బహువచనంతో బిడ్డకి పేరెవరు పెడతారు?

అరసున్న:
రాములు, ఆంజనేయులు, శ్రీనివాసులు, నరసింహులు. ఇంకా కావాలా?

గుత్తి కోట:
😀 సరే, ఆ ఓవర్ మీకు.

అణీమాండవ్యుడు:
నా పేరు చూసి నేనెందుకొచ్చానో మీకు అర్థమై ఉంటుంది. మన్రోలప్ప కంటే ఆసక్తికరమైన పేరు ఆయనకి ఇంకోటుంది, మాండవ ఋషి. ఆ ఋషే మళ్లీ మన్రోగా పుట్టాడని సీమలో చెప్పుకునేవాళ్లు. ఎందుకు మాండవుడే, విశ్వామిత్రుడో అగస్త్యుడో ఎందుకు కాదు? నా ఊహ శబ్దంలో ఉంది. నకారం తర్వాత శకట రేఫం వస్తే దక్షిణాది నోట్లో మధ్యన డకారం పుడుతుంది. అరవంలో ‘కన్ఱు’ అని రాసి ‘కండ్రు’ అనే పలుకుతారు. మన పాత తెలుగులో వాండ్రు, పండ్రెండు చూడండి. మన్రో మన నోట మండ్రో అవుతాడు. మండ్రో నుంచి మాండవుడికి ఒక్క అడుగు. రాయచోటి పక్కన మాండవ్య నది ఉండనే ఉంది, పేరు ఊరికి కొత్త కాదు. కాబట్టి మీ అవ్వ పాఠం అసలు “మండ్రోలప్ప” అయ్యుండాలి.

ఇంకో ముచ్చట. భారతంలో మాండవ్యుడు ఎవరు? దొంగలు ఆశ్రమంలో దాక్కుంటే మౌనవ్రతంలో ఉండి నోరు విప్పక రాజు వేయించిన కొఱత మీద కూర్చున్నవాడు. ఆ పేరు తెచ్చి పాలెగాళ్లని ఉరితీయించిన కలెక్టరుకి పెట్టారు. పెట్టినవాడు అమాయకుడా, గడుసువాడా?

కడప కారం:
అంత గడుసుతనం మీరు అంటగడుతున్నారు. జనం పేరు పెట్టేటప్పుడు ఆదిపర్వం తిరగేసి పెట్టరు.

అణీమాండవ్యుడు:
హరికథలు విన్న జనం సార్. మనకంటే బాగా తెలుసు వాళ్లకి ఆదిపర్వం.

జమాబందీ:
రెవిన్యూలో ముప్ఫయ్యేళ్లు చేసి దిగినవాణ్ణి, కాస్త మట్టి మీదికి రండి. మన్రో పైమాషీలో, అంటే భూమి కొలతలో, వాడిన గొలుసు 33 అడుగులు. గొలుసంత పొడవు, గొలుసంత వెడల్పు ఉంటే గుంట. అలాంటివి 40 అయితే ఎకరం. ఇప్పటికీ మన పాత కాగితాల్లో ఆ గుంటలే. 1800లో నిజాం ఈ సీమని కంపెనీకి వదిలేసిన తర్వాత, కడప, బళ్లారి, ఇప్పటి అనంతపురం, కర్నూలు వైపు కొన్ని తాలూకాలు, అన్నిటికీ కలిపి ఒక్క ప్రిన్సిపల్ కలెక్టరు, అనంతపురంలో మకాం, ఏడాదిలో ఎక్కువ రోజులు గుడారాల్లోనే. ఆ ఏడేళ్లలో చేను చేనుకీ గొలుసు పట్టించి, చేను చేనుకీ శిస్తు కట్టాడు. అంతకుముందు ఊరికింత అని రెడ్డీ కరణం కలిసి పంచేవాళ్లు, ఎవరి వాటా ఎంతో రైతుకి తెలిసేది కాదు. కాబట్టి “మన్రో కొలిచిన చేను” అంటే లెక్కలోకి ఎక్కిన చేను, హద్దు తేలిన చేను. హద్దు తేలాక తగాదా ఏల, కాపలా ఏల అని మీ అవ్వగారి భావం. గట్టు తగాదాలో వాడేదని మీరే అన్నారు. ‘ను’ అవసరమే లేదు. కంచె అయితే ఇంకా బాగా కుదురుతుంది.

పెన్న ఒడ్డు:
ఇది నమ్మబుద్ధవుతోంది.

అరసున్న:
కంచె కుదరదు. యతి చూడండి. మన్రోలో మ, మంచెలో మ. సామెత రెండు ముక్కలుగా విరుగుతుంది, రెండో ముక్క మొదటి అక్షరం మొదటి ముక్క మొదటి అక్షరంతో మైత్రి కట్టాలి. మంచె ఖాయం.

గుత్తి కోట:
“కొలిసిన” లో కకి, “కంచె” లో కకి మైత్రి లేదా?

అరసున్న:
యతి మధ్యలోంచి లెక్కపెట్టరు నాయనా.

తెర్నేకల్లు:
జమాబందీ గారి వ్యాఖ్యానం ఆఫీసరు వ్యాఖ్యానం. రైతు చెవితో ఒకసారి వినండి. మన్రో కొలిచిన చేనికి మంచె ఎందుకు? ఎందుకంటే కాపలా కాయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు కాబట్టి! ఇది పొగడ్త కాదు, ఎత్తిపొడుపు. ఆయన కట్టిన శిస్తు మొత్తం పంటలో దాదాపు నూటికి 45 వంతులు. నేనన్న మాట కాదు, ఆయన లెక్కే. 1807లో వెళ్లిపోతూ పాతిక శాతం తగ్గించమని ఆయనే రాశాడు, అప్పుడు మూడో వంతుకి దిగుతుందని. పైవాళ్లు వినలేదు. ఏడేళ్లలో సీమ నుంచి వసూలు దాదాపు సగం మేర పెరిగింది. మధ్యలో 1803-04 వానల్లేని ఏళ్లు కూడా ఉన్నాయి. ఇక మా ఊరి పేరే పెట్టుకున్నాను, 1801లో అక్కడ ముతుకూరి గౌడప్ప శిస్తుకి ఎదురు తిరిగితే ఏమైందో ఆ చుట్టుపక్కల అడగండి. మన్రోలప్ప అని బిడ్డకి పేరు పెట్టిన ఊళ్లు వేరు, మా ఊరు వేరు.

జమాబందీ:
తగ్గించమని రాసింది ఆయనే అని మీరే చెప్తున్నారు. 1820లో గవర్నరై తిరిగొచ్చాక ఆ తగ్గింపు అమలు చేసిందీ ఆయనే. మధ్యలో ఆయన లేని కాలంలో మద్రాసు పెద్దలు రైత్వారీ ఎత్తేసి ఊళ్లకి ఊళ్లు కౌలుకిచ్చారు, ముందు మూడేళ్ల కౌలు, తర్వాత పదేళ్ల కౌలు. కౌలుదార్లు మునిగారు, రైతులూ మునిగారు. ఆ రోజులతో పోల్చి జనం మన్రోని తలుచుకున్నారు. దేవుడయ్యాడంటే ఆ తర్వాత వచ్చినవాళ్ల పుణ్యమే కొంత.

తెర్నేకల్లు:
ఆ పోలిక ఒప్పుకుంటా. కానీ రైత్వారీ కచేరీలో బకాయి వసూలుకి ఏం చేశారో 1855 టార్చర్ కమిషన్ రిపోర్టులో ఉంది. నడుం వంచి తలని కాళ్లకి కట్టి ఎండలో నిలబెట్టడం, వేళ్లని కిట్టెకట్టెలో నొక్కడం. మన్రో పోయి అప్పటికి ముప్ఫై ఏళ్లు కావస్తోంది నిజమే, అయినా ప్రతి రైతునీ నేరుగా సర్కారు బంట్రోతు చేతికి అప్పగించే ఏర్పాటు ఎవరిది? ఆ సంగతి లండన్ దాకా మోసుకెళ్లినవాళ్లలో మన గాజుల లక్ష్మీనరసు చెట్టి ఉన్నాడు. ఆయన పేరు పిల్లలకి పెట్టుకున్నట్టు నేనెక్కడా వినలేదు.

మదరాసు మెయిల్:
లక్ష్మీనరసు చెట్టి పేరెత్తినందుకు దణ్ణం. ఇక్కడ మన్రో గుర్రం పక్కనుంచి రోజూ బస్సులో పోతాం. జీను లేదు, రికాబులు లేవు, శిల్పి చాంట్రీ మర్చిపోయాడని ఒక కథ, ఎక్కినవాడు అంత మొనగాడని ఇంకో కథ. పిల్లలు రికాబుల సంగతే అడుగుతారు, మనిషి సంగతి ఎవరూ అడగరు.

ఫ్రీమాంట్ పిన్ని:
మన్రో తురుత్తు ఈయన పేరు మీదేనా? పోయినసారి కేరళ వెళ్లినప్పుడు పడవలో తిరిగాం.

జమాబందీ:
కాదమ్మా, అది జాన్ మన్రో, తిరువాన్కూరు రెసిడెంటు. మన ఆయన థామస్, గ్లాస్గోలో 1761లో పుట్టి 1780లో కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. హైదరలీ మీద యుద్ధంలో మొదలై, బారామహల్లో రీడ్ కింద శిస్తు పని నేర్చుకుని, శ్రీరంగపట్నం పడ్డాక కెనరా చూసి, అప్పుడు మన మీదికొచ్చాడు.

కడప కారం:
మన్రోని దేవుణ్ణి చేసినవాళ్లు ఊరికే చెయ్యలేదు, కథలు కట్టారు. మా వేంపల్లి పక్కన గండిలో పాపఘ్ని కొండల్ని చీల్చుకుని వచ్చే చోట రాముడికి వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉంది. మామూలు కంటికి కనపడదు, పుణ్యాత్ముడికి అంతిమ కాలం దగ్గర పడ్డప్పుడు కనపడుతుంది. మన్రోకి కనపడిందంటారు. ఆ తర్వాత కొద్ది నెలలకే పత్తికొండలో కలరాతో పోయాడు, 1827 జూలై 6. మంచాలలో, అదే మంత్రాలయంలో, రాఘవేంద్రస్వామి బృందావనం లోంచి లేచి ఇనాం గురించి మాట్లాడాడని ఇంకో కథ, దానికి గెజిట్ పేజీ నంబరుతో సహా చెప్తారు. తిరుమలలో మన్రో గంగాళం సంగతి సరేసరి. ఇన్ని చోట్ల దేవుళ్లతో చుట్టరికం కలిపినవాణ్ణి “కొలిసిన” అనకుండా ఎట్ల ఉంటారు? ‘ను’ ఉంది. చిన్నాయన చెప్పిందే కరెక్ట్. మన్రోలప్పకి మొక్కుకున్న చేనికి దొంగ భయం లేదు, పిట్ట భయం లేదు, మంచె ఏల.

తెర్నేకల్లు:
ఈ మూడు కథల్లో ఒకటి గమనించండి. మంత్రాలయం కథలో సర్కారు లాక్కోబోయిన ఇనాం దేవుడి మాటతో నిలబడుతుంది. మఠానికి ఆ కథ చాలా ఉపయోగం. గంగాళం కథలో దొర ప్రసాదం తిని దానం రాస్తాడు. అంటే కథలు కట్టింది చేను దున్నినవాళ్లు కాకపోవచ్చు, మాన్యాలున్నవాళ్లు కావచ్చు. భక్తి ఎవరిదో చూసుకుని అప్పుడు ‘ను’ పెట్టండి.

కడప కారం:
గండి తోరణంలో మాన్యం ఎక్కడుంది? అది పశువులు కాసుకునేవాళ్లు కూడా చెప్తారు. అన్నిటికీ స్వార్థం అంటగడితే జనానికి సొంత మనసే లేనట్టు.

పాత పాలెం:
మంచె గురించి ఎవరూ అసలు సంగతి చెప్పలేదు. కావలి. పాలెగాడికి ఊళ్లో కావలి హక్కు ఉండేది. పంటకీ పశువుకీ కాపలా వాడిది, దానికి ఊరు వాడికి రుసుం కట్టాలి, కట్టకపోతే దొంగతనం చేయించేదీ వాడే. మన్రో వచ్చేనాటికి సీమలో పాలెగాళ్లు ఎనభై మంది దాకా. సైన్యం తెచ్చి కొందర్ని వేటాడి, కొందరికి పింఛన్లు రాసి, కోటలు కూల్చి, ఆ కావలి రుసుం సర్కారులో కలిపేశాడు. కాబట్టి “మంచె యాల” అంటే పాలెగాడి కావలి ఇంక ఎందుకు అని. ఇది 1800ల మొదట్లో పుట్టిన మాటే, తర్వాతది కాదు.

అయితే నన్ను మన్రో మనిషి అనుకోకండి. పాలెగాళ్ల విషయంలో ఆయన పద్ధతిని లండన్‌లో డైరెక్టర్లే 1804లో తప్పుబట్టారు. నొస్సం జయరామిరెడ్డి పాలెం తీసేసి ఇచ్చిన పింఛను వాటాలు పడీ పడీ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దగ్గరికొచ్చేసరికి నెలకి పదకొండు రూపాయల చిల్లర. ఆ చిల్లర దగ్గర రాజుకున్నదే 1846 తిరుగుబాటు. కోవెలకుంట్లలో ఆయన తల ముప్ఫై ఏళ్లు కోట గుమ్మానికి వేలాడింది. మన్రో అప్పటికి లేడు, ఆయన వేసిన లెక్క ఉంది.

జమాబందీ:
కావలి పాయింటు మంచిది. కానీ గొలుసు సంగతి ఇంకోటి చెప్పాలి. సామెతలో మన్రో ఉన్నంత మాత్రాన మన్రో కాలందని కాదు. 1858లో సర్వే శాఖ పెట్టి మళ్లీ మొత్తం కొలిచారు, రాళ్లు పాతారు. నా సర్వీసులో చాలాసార్లు చూశాను, ఆ తర్వాతి సెటిల్‌మెంటు రాయిని చూపించి కూడా పెద్దవాళ్లు “మన్రో రాయి” అనేవాళ్లు. గట్టు మీద ఏ రాయి ఉన్నా మన్రో, ఏ మంచి నీళ్ల బావి ఉన్నా మన్రో. ఇప్పుడు డ్రోన్లతో రీసర్వే చేస్తున్నారు, ఇంకో వందేళ్లకి అది కూడా ఆయన ఖాతాలో పడొచ్చు.

పలక బలపం:
మీరంతా చేను పట్టుకు వేలాడుతున్నారు, భాషా గుంపులో బడి గురించి మాట్లాడరేం? 1822లో గవర్నరుగా కలెక్టర్లందరికీ రాసి మద్రాసు రాజధానిలో బడులెన్నో లెక్క తెప్పించింది మన్రో. మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. బళ్లారి నుంచి జవాబు రాసింది క్యాంప్‌బెల్, 1816లో తెలుగు వ్యాకరణం అచ్చేసిన ఏ.డి. క్యాంప్‌బెల్. ఆయన జిల్లాలో 533 బడులు, 6,641 మంది. జనం చేతిలో డబ్బు లేక బడులు మూతపడుతున్నాయని నిర్మొహమాటంగా రాశాడు. ఇంకో ముక్క మన అరసున్న గారి కోసం: పిల్లలు చదివే పద్యాల భాష వాళ్లు మాట్లాడే భాష కాదు, అర్థం తెలియకుండా వల్లెవేస్తున్నారు అని కూడా రాశాడు. గిడుగు పుట్టడానికి నలభై ఏళ్ల ముందు! ఆ లెక్కల్ని ధర్మపాల్ బయటికి తీసి “చూశారా, ఇంగ్లీషువాడు రాకముందు మనకెన్ని బడులో” అంటే, అవే లెక్కలు చూపించి “చూశారా, అరవై ఏడుగురిలో ఒక్కడికే బడి” అన్నవాళ్లూ ఉన్నారు.

అరసున్న:
క్యాంప్‌బెల్ గారికి పద్యం అర్థం కాలేదు కాబట్టి పిల్లలకీ కాలేదనుకున్నాడు. అమరం, ఆంధ్ర నామసంగ్రహం ముందు నోటికి, తర్వాత బుద్ధికి. మా నాన్నగారూ అట్లాగే చదివారు.

పలక బలపం:
మీ నాన్నగారు పండితులు. రెడ్డి గారి గొర్రెల కాపరి కొడుకు కాదు.

అణీమాండవ్యుడు:
మన్రో మీద ఒక్క తీర్పు చెప్పలేం, అదే ఆయనతో చిక్కు. మనకంటే ముందొచ్చిన విజేతలు హింసించి ఉంటారు కానీ ఈ దేశస్థుల్ని మనంత చులకనగా ఎవరూ చూడలేదు, ఎవరూ నమ్మదగనివాళ్లని ముద్ర వెయ్యలేదు అని రాసినవాడు ఆయనే. 1822లో ఇండియాలో పత్రికలకి స్వేచ్ఛ ఇస్తే రాజ్యం నిలవదని సర్కారుకి మినిట్, అంటే అభిప్రాయ పత్రం, రాసిందీ ఆయనే. ఒకే బుర్ర, ఒకే దశాబ్దం. నావరకు రెండో కాగితమే అసలు మనిషి, మొదటిది మంచి రోజున రాసింది.

జమాబందీ:
రెండూ అసలే. గవర్నరు ఉద్యోగమే అట్లాంటిది.

పెద్దన పక్షం:
ఆలస్యంగా వచ్చాను కానీ ఎవరూ మూడో అర్థం చెప్పలేదేం? కొలుచు అంటే గొలుసు వెయ్యడం, మొక్కడం, ఇవి రెండే కాదు. సేవించడం. కొలువు ఎక్కడి నుంచి వచ్చింది మరి? కొలువు చేసినవాడికి చేను ఇస్తారు. మన్రోలప్పను కొలిసిన చేను అంటే మన్రో కింద బంట్రోతుగానో డఫేదారుగానో చేసినవాడికి దక్కిన ఇనాం చేను. దొర దగ్గర సంపాదించిన మాన్యం జోలికి ఎవడొస్తాడు, మంచె ఏల. బ్రౌణ్య నిఘంటువులో మూడర్థాలూ పక్కపక్కనే ఉన్నాయి. బ్రౌన్ ఉద్యోగం మొదలుపెట్టింది కడపలోనే, 1820లో, మన్రో గవర్నరుగా వచ్చిన ఏడాదే.

కొలిచి చేను తెచ్చుకున్నవాళ్లలో మొనగాడు మన అల్లసాని వాడే కదా. కోకట గ్రామాద్యనేకాగ్రహారాలు, అడిగిన సీమలలో! రాయలు పోయాక చెప్పుకున్న ఆ సీస పద్యం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. ఏనుగు ఆపి చెయ్యందించి ఎక్కించుకోవడం, పల్లకీ ఎత్తడం, గండపెండేరం స్వయంగా తొడగడం, చివర ఆ జీవచ్ఛవం. ఇన్ని గౌరవాల మధ్య భూమి లెక్క చెప్పుకున్నాడు చూడండి, కడప నేల మహిమ అది.

కడప కారం:
కోకటం మా కమలాపురం వైపే! ఊళ్లో పెద్దన శాసనం కూడా ఉంది. ఇంకెవరైనా పెద్దనని బళ్లారి లాక్కెళ్తే ఊరుకోం.

గుత్తి కోట:
పెద్దన పెద్దనపాడు వాడంటారు, కోకటం వాడంటారు, మా వైపు వాడు కూడా అంటారు. బళ్లారి కాదు గానీ నేను పోటీలోనే ఉన్నా.

అరసున్న:
ఆ సీసం పెద్దనదేనన్న నమ్మకం ఏమిటి? చాటువు, నోటి మీద తిరిగిన పద్యం. చాటువుకి తండ్రి ఎవరంటే చెప్పలేం. ‘కేలూత యొసఁగి’ లో ఊత వాడిన తీరు మనుచరిత్ర పెద్దనలా ఉందా?

పెద్దన పక్షం:
మీరు ఆ మాట అంటారని తెలుసు. ‘జీవచ్ఛవంబగుచు’ అనగలిగినవాడు ఇంకొకడుంటే పేరు చెప్పండి, వాడికే ఇచ్చేద్దాం. ముసలితనంలో పెద్దన రాసిన పద్యం యౌవనంలో పెద్దన పద్యంలా ఎందుకుండాలి?

ఫ్రీమాంట్ పిన్ని:
పల్లకీ రాయలు మోశాడని మా తెలుగు మాస్టారు చెప్పారు. మోశాడా, కొమ్ము పట్టి ఎత్తి వదిలేశాడా?

అరసున్న:
‘తన కేలఁ బట్టి యెత్తె’. ఎత్తెనే. మోసెనని ఎక్కడా లేదు.

పెద్దన పక్షం:
ఎత్తినవాడు వెంటనే దింపేశాడని కూడా ఎక్కడా లేదు. పురమేగే వేళ ఎత్తాడు, అంటే ఊరేగింపు మొదలైంది. నాలుగు అడుగులైనా వేసి ఉంటాడు.

తెర్నేకల్లు:
ఆ మిగతా మూడు కొమ్ములూ పట్టుకున్న బోయీలు మాత్రం ఊరంతా మోశారు, వాళ్లకి అగ్రహారం ఇచ్చినట్టు లేదు.

జమాబందీ:
బోయీలకీ మాన్యాలుండేవి సార్. పాత ఇనాం రిజిస్టర్లలో సేవా ఇనాంల కింద ఎక్కేవి. అగ్రహారమంత కాదు, అరెకరమో ఎకరమో.

పెద్దన పక్షం:
మరి అదే నేను చెప్పేది, కొలిసిన చేను!

అరసున్న:
మోసిన చేను అనాలి.